పదహారో పూట

పదహారును మూడుతో భాగిస్తే ఎంత అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల తప్పేమీ కాదు. మొన్న మనవరాలు నా పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటూ, "ఐదు పాయింటు మూడు మూడు మూడు, అంతే కదా అవ్వా?" అంది. అంతే కాదు అన్నాను. గొంతు కాస్త పెద్దదయినట్టుంది, పిల్ల బెదిరిపోయి పెన్సిలు కింద పెట్టేసింది. దానికేం తెలుసు పాపం. ఆ కోపం నాకు పన్నెండేళ్లప్పుడు పుట్టింది, నాతోపాటే ముసలిదయింది గానీ చావలేదు.

మాది గుత్తి నుంచి పొద్దున్నే ఎద్దులబండిలో బయలుదేరితే అన్నంవేళకు చేరే ఊరు. అరవైలు అప్పుడే మొదలయ్యాయి. ఎర్ర గరుసు నేల, వాన పేరుకు మాత్రం పడేది. చేలల్లో వేసిన శెనక్కాయ పండితే పండినట్టు, లేకుంటే లేదు. ఏడాది పొడుగునా ఇంట్లో ఇంత రాగిసంగటి, ఇంత కారం ఉన్నాయంటే అది మా తాత తవ్వించిన బావి వల్లే. తాత పోయాక మా నాయనా, ఇద్దరు చిన్నాయనలూ వేరుపడ్డారు. నేలనైతే తాడు పట్టి కొలుచుకున్నారు. నీళ్లను తాడుతో కొలవలేరు కదా.

మా వైపు దానికొక పద్ధతి ఉంది. నీళ్లను పూటల లెక్కన పంచుకుంటారు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట ఎద్దులను కట్టి కపిల తోలతారు. తోలు బాన బావిలోకి దిగి, నిండి, పైకి వచ్చి కాలవలో కుమ్మరిస్తుంది. నడుమ నీరు ఊరడానికి బావిని వదిలేస్తారు. అట్లా ఎనిమిది రోజులకు పదహారు పూటలు, అది ఒక విడత. పదహారే ఎందుకంటే, మా పెద్దవాళ్లకు నిండుగా ఉన్న ఏ వస్తువైనా పదహారు పాళ్లే. సగం, పావు, పరక, వీసం. సగాన్ని సగం చేసుకుంటూ పోవడమే వాళ్లకు వచ్చిన పంపకం. అణాలు పోయి నయాపైసలు వచ్చినా మా బావి మాత్రం పదహారు పాళ్ల బావిగానే ఉండిపోయింది. అన్నదమ్ములు ఇద్దరో నలుగురో అయివుంటే ఏ తగువూ లేకపోయేది. ముగ్గురయ్యారు.

పంపకాలు చేయడానికి కూర్చున్నది ఊరి పెద్ద. "తలా ఐదు పూటలు తీసుకోండప్పా. ఒకటి మిగుల్తాండాది. అది తెగదు. తెగనిదాని కోసరం అన్నదమ్ములు కొట్టుకోవద్దు. దాన్ని నా దగ్గర పెట్టండి," అన్నాడట. మావాళ్లు తలలూపి వచ్చారు. ఆయన దగ్గర పెట్టడమంటే ఏమిటో ఎనిమిదో రోజు సాయంత్రానికి గానీ తెలియలేదు. మా కాలవ చివర ఆయన చీనీతోట, అంటే బత్తాయితోట, ఉంది. ఆ పూట నీళ్లన్నీ ఆ చీనీచెట్లకు పోయాయి. ఎద్దులు మావి. తోలేది వరస ప్రకారం నాయనో చిన్నాయనలో. కాలవకు మట్టి అడ్డం వేసి నీళ్లను ఏ మడికి కావాలంటే ఆ మడికి తిప్పే చోటును మడవ అంటారు. పార పట్టుకుని ఆ మడవ దగ్గర నిలబడేది మా ఇంటి ఆడవాళ్లు. ఇట్లా ఒక్క ఏడు కాదు, ఆరేళ్లు జరిగింది. ఎక్కడైనా ఉందా ఇట్లాంటి న్యాయం?

ఎండాకాలంలో ఐదు పూటల నీళ్లు రెండు మళ్లకు సరిపోయేవి. మూడోదానికి, కింది మడికి, అందేవి కావు. మూడిళ్లకూ ఒక్కొక్క కింది మడి ఉండేది, మూడూ మాడేవి. ఆ ఏడు మా కింది మడిలో అమ్మ మిరపనారు నాటింది. కడవలతో మోసి పోస్తూ ప్రాణం నిలుపుతోంది. ఒక్క పూట, ఒకే ఒక్క పూట నిండుగా నీళ్లు పారితే ఆ మిరప నిలదొక్కుకుంటుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చీనీచెట్ల వైపు చూసి ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

నేను ఏడో తరగతి. తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. లెక్కల సారు గుంతకల్లు నుంచి వచ్చాడు. ఊరి పెద్ద ఇంట్లోనే ముందుగదిలో ఉండేవాడు, రెండుపూటలా వాళ్ల ఇంట్లోనే భోజనం. అబద్ధమెందుకు చెప్పాలి, పాఠం మాత్రం ఎంత బాగా చెప్పేవాడో. చెప్పడం రానివాడైతే నేనింత మండిపడేదాన్ని కాదు.

ఆ ఏడు ఆయన మాకు అకరణీయ సంఖ్యలు చెప్పాడు. పైన లవం, కింద హారం, రెండూ పూర్ణ సంఖ్యలే అయివుండాలి, హారం సున్నా కాకూడదు. ఎందుకు కాకూడదు సార్ అని అడిగాను. "హారమంటే ఎంతమందికి పంచాలన్న లెక్క. మనుషులే లేని ఇంట్లో ఎవరికి పంచుతావు?" అన్నాడు. నాకది ఎంత నచ్చిందో. కింద ఉన్న అంకె మనుషులు, పైన ఉన్నది వాళ్ల ముందు పెట్టిన వస్తువు. అప్పటిదాకా నాకు అర, పావు, ముప్పావు మాత్రమే తెలుసు. మూడోవంతు అనేది కూడా అరలాగే, పావులాగే ఒక సంఖ్యేనని, దానికీ గీత మీద ఒక చోటు ఉందని ఆరోజే తెలిసింది. సారు బోర్డు మీద గీత గీసి, సున్నాకూ ఒకటికీ మధ్య ఒక చుక్క పెట్టి, "ఇదిగో, ఇక్కడుంది" అన్నాడు. మా ఊళ్లో లేదు లేదన్నది అక్కడుంది.

తరువాత ఆయన చెప్పిందే అసలు సంగతి. ఒకే సంఖ్యను ఎన్ని రూపాల్లోనైనా రాయొచ్చట. పైనా కిందా ఒకే అంకెతో గుణిస్తే రూపం మారుతుంది గానీ విలువ మారదు. 1/3, 2/6, 3/9 అని రాసి, పలక నిండేదాకా మీరు రాయండి అన్నాడు. రాసుకుంటూ పోయాను. 14/42, 15/45, 16/48. అక్కడ చెయ్యి ఆగిపోయింది. పదహారు నాకు బాగా తెలిసిన అంకె. నలభై ఎనిమిదేమిటి? మూడు పదహార్లు. అంటే మూడు విడతలు, ఇరవై నాలుగు రోజులు. ఒక్కో విడతలో మిగిలే ఆ ఒక్క పూట మూడు విడతల్లో మూడు పూటలవుతుంది. మూడిళ్లకు మూడు. ఇంటికి పదహారు పూటలు, తగవు లేదు, మిగులు లేదు.

పలక తీసుకుని సారు దగ్గరికి పరుగెత్తి, మా బావి సంగతి చెప్పాను. చూసి నవ్వాడు. వీపు తట్టి, నా చేతికి సుద్దముక్క ఇచ్చి బోర్డు మీద రాయించాడు. తరగతిలో అందరి ముందూ, "ఈ అమ్మాయి బావిని చక్కగా పంచింది" అన్నాడు. ఆ మాట నా చెవులతో నేను విన్నాను. సార్, మా ఊరి పెద్దకు మీరొక మాట చెబుతారా అన్నాను. చేతికంటిన సుద్ద దులుపుకుంటూ, "అడిగితే చెబుతాను" అన్నాడు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. నాయన నెమ్మదస్తుడు, ఒక మాట అనడానికి పదిసార్లు ఆలోచించే మనిషి. "అయ్యవారు సరే అన్నాడా?" అని మాత్రం అడిగాడు. అన్నాడు నాయనా, బోర్డు మీద నాతోనే రాయించినాడు అన్నాను. మరునాడు ఆదివారం. అన్నదమ్ములు ముగ్గురూ తుండుగుడ్డలు భుజాన వేసుకుని ఊరి పెద్ద ఇంటికి బయలుదేరారు. పలక పట్టుకుని నేనూ వెనకే పోయాను.

అరుగు మీద ఆయన, అరుగు కింద మేము. నాయన భుజాన ఉన్న తుండుగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. "పాప ఏందో లెక్క చెప్తాదంటన్నా," అని నన్ను ముందుకు తోశాడు. పలక చూపించి చెప్పాను. మూడు విడతలు, నలభై ఎనిమిది పూటలు, తలా పదహారు. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, నవ్వాడు. "బలే చదువుతాండావే పాపా" అని లోపలికి తిరిగి సారును పిలిచాడు. సారు కాఫీలోటాతో బయటికి వచ్చాడు.

"అయ్యవారూ, మాకు తెలీక అడుగుతాండా. పదహారును మూడుతో భాగించండి," అన్నాడు ఊరి పెద్ద.

"ఐదుసార్లు పోతుందండి. ఒకటి మిగులుతుంది."

"ఆ ఒకటిని గూడా భాగించండి."

"దశాంశం పెట్టి చేస్తే మూడు వస్తుంది. మళ్లీ ఒకటి మిగులుతుంది."

"మళ్లా చేస్తే?"

"మళ్లీ మూడే. మళ్లీ ఒకటి."

"యాడికన్నా పోయి అయిపోతాదా ఇది?"

సారు నా వైపు చూడలేదు. "అయిపోదండి. ఎంతదూరం పోయినా ఒకటి మిగులుతూనే ఉంటుంది," అన్నాడు.

"విన్నారా అప్పా," అన్నాడు ఊరి పెద్ద మావాళ్లతో. "బడి లెక్కలో గూడా ఆ ఒకటి మిగుల్తానే ఉండాది. నేను ఆపొద్దు చెప్పింది అదే గదా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "సార్, పదహారు బై నలభై ఎనిమిది చెప్పండి సార్. నిన్న బోర్డు మీద రాయించినారే, అది చెప్పండి," అన్నాను. సారు లోటాలోకి చూస్తూ నిలబడ్డాడు. కాఫీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

"అది వేరే పాఠం," అన్నాడు.

ఆ మనిషి అబద్ధమాడాడా అంటే, లేదు. ఒక్క ముక్క అబద్ధం లేదు. పదహారును మూడుతో భాగిస్తే దశాంశాల్లో మూడు వెంట మూడు వస్తూనే ఉంటుంది, నిజమే. ఆ తెగని మూళ్ల వరసకు మరో పేరు ఐదూ ఒకటి బై మూడు అనీ, అది తెగిన లెక్కేననీ, ముగ్గురికి ముచ్చటగా సరిపోతుందనీ ఆయనకు నాకంటే బాగా తెలుసు. నాకు చెప్పిందే ఆయన. తెలిసినదాంట్లో సగం మాత్రం బయటపెట్టి, రెండో సగాన్ని కాఫీతోపాటు మింగేశాడు. అబద్ధమే చెప్పివుంటే ఎప్పుడో క్షమించేసేదాన్ని. నిజాన్ని తెచ్చి వాళ్ల గుమ్మానికి కాపలా పెట్టాడే, దానికి నాకు మాటలు చాలవు.

చిన్నాయనలు ఎవరి ఇంటికి వాళ్లు పోయారు. నేను మాత్రం ఇంటికొచ్చి పలకను మూలకు విసిరికొట్టి, బడికి పోను, ఆ లెక్కలూ వద్దు, ఆ సారూ వద్దు అని గోల చేశాను. అమ్మ శెనక్కాయలు ఒలుస్తోంది. నా అరుపులన్నీ అయ్యేదాకా ఆగింది.

"ఆ బోర్డు మీద రాసిందేందో నాకొకసారి చెప్పు," అంది.

అమ్మకు అక్షరం ముక్క రాదు. చాటలో నలభై ఎనిమిది కాయలు లెక్కపెట్టి పోశాను. పదహారేసి చొప్పున మూడు కుప్పలు చేశాను. "ఇదొక విడత" అని మొదటి కుప్పలోంచి ఐదు, ఐదు, ఐదు తీసి మూడు వరసలు పెట్టాను. ఒకటి మిగిలింది. మిగిలిన రెండు కుప్పలూ అమ్మే పంచేసింది. ఐదేసి వరసల్లో కలిపి, మిగిలిన కాయలను పక్కన పెట్టింది. చాటలో మూడు కాయలు విడిగా ఉన్నాయి. వాటిని వేలితో ఒక్కో వరసలోకి ఒక్కొక్కటి నెట్టింది.

"ఇంతేనా?"

"ఇంతేమా."

"దీనికా ఆరేండ్లు," అంది అమ్మ. చాటను దగ్గరికి జరుపుకుని, "మొదటి విడత మిగిలింది ఎవురికి?" అని అడిగింది.

మా ఇంట్లో ఏది పంచినా ఒక కట్టుబాటు ఉంది. మామిడిపండైనా సరే, కోసినవాళ్లు ఆఖర్న తీసుకోవాలి, చిన్నవాళ్లు ముందు తీసుకోవాలి. లెక్క చేసింది నేను కాబట్టి మా ఇల్లు ఆఖరు. "కడగొట్టు చిన్నాయనోళ్లకు. తర్వాత నడిపి చిన్నాయనోళ్లకు. మూడో విడత మనకు," అన్నాను. అమ్మ బయట కింది మడి వైపు చాలాసేపు చూసి, "సరే" అంది. ఆ సరే అనడానికి అంత సేపెందుకు పట్టిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం కపిల తోలే వంతు నాయనది. అమ్మ పార పట్టుకుని మడవ దగ్గర ఉంది, నేను గట్టు మీద కూర్చున్నాను. మొదటి బాన పైకి వచ్చి కాలవలో పడింది. నీళ్లు ఎప్పటిలాగే చీనీతోట వైపు పోతున్నాయి. అమ్మ నాలుగు పారల మట్టి తీసి కాలవకు అడ్డం వేసింది, పక్క గట్టును తెంచింది. నీళ్లు ఒక్క క్షణం తడబడి కడగొట్టు చిన్నాయన వాళ్ల కింది మడిలోకి తిరిగాయి. చిన్నమ్మ అక్కడ ఎర్రగడ్డలు, అంటే ఉల్లిగడ్డలు, వేసుకుంది. ఆ మడి అన్నాళ్లకు నిండుగా నీళ్లు తాగుతుంటే దాని చప్పుడు గట్టు మీదికి వినపడింది.

కబురు పోవడానికి ఎంతసేపు. ఊరి పెద్ద చేతికర్రతో గట్టు వెంబడి వచ్చాడు.

"ఏమమ్మా, నా పూట నీళ్లు మళ్లిచ్చుకుంటాండావే," అన్నాడు.

"నా మడికి కాదు గదన్నా. నా మడి చూడు, ఎండిపోయి ఉండాది," అంది అమ్మ. పార మీద చెయ్యి ఆనించి నిలబడింది. గొంతు పెంచలేదు.

నీళ్లు దొంగిలించావని అనబోయినట్టున్నాడు. ఎదురుగా మా మిరపమడి నెర్రెలిచ్చి కనపడుతోంది. ఆ మాట వదిలేశాడు. "ఎవురు చెప్పినారు ఇట్ల చేయమని?"

"మీ ఇంట్లో కూడు తినే అయ్యవారే చెప్పినాడంట. మా పాపతో బోర్డు మీద రాయించినాడంట గదా. ఈ విడత చిన్నోళ్లకు, పైవిడత నడిపోళ్లకు, మూడోది మాకు. తెగతాదన్నా అది. మేము తెంపుకున్న్యాం."

ఆయన మా నాయన వైపు తిరిగాడు. "నీ పెండ్లాం మాట్లాడతాండాది, వినపడతాందా నీకు?"

నాయన ఎద్దుల పగ్గం పట్టుకుని బావి దగ్గర ఉన్నాడు. పదిసార్లు ఆలోచించే మనిషి కదా, అప్పటికి తొమ్మిదిసార్లు ఆలోచించాడేమో. "ఇంకా ఇరవై బానలు ఉండాయన్నా," అని ఎద్దులను అదిలించాడు. బాన మళ్లీ బావిలోకి దిగింది.

చిన్నమ్మ ఎర్రగడ్డల మడిలోంచి వచ్చి అమ్మ పక్కన నిలబడింది. నడిపి చిన్నమ్మ కూడా వచ్చింది. ముగ్గురూ వరసగా నిలబడ్డారు. ఊరి పెద్ద చేతికర్ర తిప్పుకుని, చీనీచెట్ల మీదుగా ఇంటికి పోయాడు.

మరునాడు బడిలో సారు నన్ను లేపి నిలబెట్టాడు. రాత్రి ఆ ఇంట్లో భోజనం ఎట్లా జరిగిందో ఏమో, కళ్లు చిన్నవి చేసుకుని ఉన్నాడు. "పదహారు బై మూడు, దశాంశంలో చెప్పు. ఎంత మిగులుతుంది?" అన్నాడు.

"రాయడం ఆపేస్తే ఒకటి మిగుల్తాది సార్," అన్నాను. "ఆపకుంటే ఏమీ మిగల్దు."

కొడతాడనుకుని చెయ్యి కూడా చాపాను. కొట్టలేదు. బోర్డు వైపు తిరిగి, ఏమీ రాయని బోర్డును గుడ్డతో తుడిచాడు. ఆ ఏడంతా మళ్లీ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ ఆయన్ను ఒక్క సందేహం అడగలేదు, ఎన్నో ఉండేవి. లెక్కల్లో నా మార్కులు తగ్గలేదు, అది మాత్రం నా పంతం.

రెండో విడత మిగిలిన పూట నడిపి చిన్నాయన వాళ్ల కింది మడికి పారింది. ఊరి పెద్ద రాలేదు. అప్పటికి మా మిరప ఆకు ముడుచుకుపోతోంది. అమ్మ పొద్దునా సాయంత్రం కడవలతో మోసింది. నడుం పట్టేసినా మోసింది. గట్టుకు దగ్గరగా ఉన్న రెండు వరసలను మాత్రం కాపాడగలిగింది. ఆ పూటకు ముందే నడిపి చిన్నమ్మ వచ్చి, ఈ పూట మీరు పెట్టుకోండక్కా, మేము తర్వాత చూసుకుంటాం అని బతిమాలింది. అమ్మ ఒప్పుకోలేదు. "పాప లెక్క ఒకసారి తప్పితే ఆయన మళ్లా గట్టెక్కి వస్తాడు," అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆరోజు చాట ముందు సరే అనడానికి అమ్మకు అంత సేపెందుకు పట్టిందో. మా మిరపకు ఇరవై నాలుగు రోజుల ఓపిక లేదని అమ్మకు ఆ క్షణమే తెలుసు. నాకు తెలియదు. నేను అంకెలు చూశాను, ఆమె మొక్కలు చూసింది. చూసి కూడా నా లెక్కకే కట్టుబడింది. ఆ సారు, ఆ అరుగు మీద, ఆదివారం పొద్దున, ఒక్క వాక్యం చెప్పివుంటే ఏమయ్యేది? నలుగురిలో మర్యాదగా మాట్లాడుకుని, ఎండుతున్న మడికి ముందు నీళ్లు పెట్టుకునేవాళ్లం. ఆ ఒక్క వాక్యం ఆయన నోట్లో ఉండిపోయింది, దాని ఖరీదు మా అమ్మ నడుం చెల్లించింది.

ఇరవై నాలుగో రోజు సాయంత్రం మా పూట వచ్చింది. నీళ్లు మా కింది మడిలోకి వచ్చాయి. పది వరసలకు రెండు వరసలు బతికి ఉన్నాయి. మిగతావన్నీ పుల్లలు. ఆ పుల్లల నడుమ కూడా నీళ్లు పారాయి, అమ్మ వాటికీ సమానంగా తిప్పింది. నేను మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఏడుస్తున్నాను.

"ఏడ్వాకు," అంది అమ్మ. "మూడిండ్లకూ పదహారు వచ్చినాయా?"

"వచ్చినాయి."

"ఏమన్నా మిగిలిందా?"

"లేదుమా."

అమ్మ పార కడుక్కుని భుజాన వేసుకుంది. "అయితే రేపు పొద్దున్నుంచి మళ్లా మొదట్నుంచి లెక్కపెట్టు," అంది.